కదలరాని బల్ల, కరగరాని మంచు

సింహాసనం దిగిపోయిన రాజులున్నారు. పీఠం వదిలి అడవికి నడిచిన యోగులున్నారు. గుర్రం దిగి శత్రువుతో సంధి చేసుకున్న సేనానులూ ఉన్నారు. చరిత్ర వారందరినీ ఎంతో కొంత క్షమించింది. కానీ తన జట్టు గోల్ కొట్టిన క్షణాన ఏ బల్ల మీద, ఏ భంగిమలో, చేత ఏ తినుబండారంతో కూర్చుని ఉన్నాడో, ఆట ముగిసేదాకా ఆ బల్ల మీదే, ఆ భంగిమలోనే, ఆ తినుబండారంతోనే కూర్చుని ఉండని హాకీ అభిమానికి మాత్రం ఇహంలోనూ పరంలోనూ క్షమాపణ లేదు. మా కాలినా పట్టణంలో ఈ ధర్మానికి భాష్యాలు లేవు, మినహాయింపులు లేవు. ప్రకృతి పిలుపు సైతం ఆట ముగిసేదాకా గుమ్మం బయటే నిలబడాలి.

ఈ ధర్మాన్ని ఊరికి నేర్పినవాడు ఒరెస్ట్ హ్నాట్యుక్. ఈ ఆదివారం మధ్యాహ్నం అందులో కాలు ఇరుక్కున్నవాడూ ఆయనే.

పోయిన వారం భాగం చివర ఆయనను, నేల మీద మంచు గడ్డకట్టించి హాకీ ఆడే హాలైన రింకు వెనకాల యంత్రాల గదిలో, గోడకున్న ఎర్ర మీట మీద చెయ్యి వేసి ఉండగా వదిలిపెట్టాం. అప్పటికి మూడు అంకాల ఆటలో మొదటి అంకం ముగిసింది. ఫోర్ట్ హారో రాయల్స్ మూడు గోల్‌లు, కాలినా బ్యాడ్జర్స్ సున్నా. ప్లేఆఫ్‌లో ఈ రెండు జట్లకూ ఇది ఏడో ఆట, చివరి ఆట. ఓడినవారు ఇంటికి, గెలిచినవారు ఫైనల్‌కు. రాయల్స్ నగరం నుంచి సొంత బస్సులో వచ్చే జట్టు, వరసగా అయిదేళ్ళ విజేతలు. బ్యాడ్జర్లంటే గోధుమ రైతులు, ఒక బడిపంతులు, ఒక పశువుల డాక్టరు, ఆవు ఈనుతోందని కబురొస్తే ఆట మధ్యలో లేచిపోయే మరి కొందరు. గోల్ కాచేది అండర్స్ స్టూర్దాల్ అనే ప్లంబరు. వచ్చే శనివారం అతను ఒరెస్ట్ కూతురు దారియాను పెళ్ళాడబోతున్నాడు.

చిక్కంతా ఆ శనివారంలో ఉంది. మా మైదాన ప్రాంతంలో వసంతం పువ్వులతో రాదు. రింకులో మంచు తీసేసిన రోజున వస్తుంది. మంచు పోతే కింద సిమెంటు నేల బయటపడుతుంది. అంత విశాలమైన నేల చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ లేదు. అందుచేత మా ఊరి పెళ్ళివిందులు, పెళ్ళినాట్యాలు అన్నీ హాకీ చచ్చిపోయాక దాని సమాధి మీదే జరుగుతాయి. అయితే మంచు కరగాలి, నీరు తోడాలి, నేల ఆరాలి, బల్లలు పరవాలి. ఆదివారం మొదలుపెడితే శనివారానికి అందీ అందనట్టు అందుతుంది.

ఒరెస్ట్ రింకు కమిటీకి అధ్యక్షుడు. నేలను గడ్డకట్టించి ఉంచే పాత మంచుయంత్రం పోయిన శరత్తులో కన్నుమూసినప్పుడు కొత్తది తెప్పించినవాడు ఆయనే. పాతదాని మీటలూ తీగలూ పారేయరాదని, పొదుపే ధర్మమని బల్ల గుద్ది తీర్మానం చేయించినవాడూ ఆయనే. మూడు సున్నా చూడగానే ఆయన లెక్క వేసుకున్నాడు. ఓటమి ఖాయం. యంత్రాన్ని ఇప్పుడే ఆపితే నేల కొన్ని గంటలు ముందే ఆరుతుంది. ఇది ద్రోహమా? ఒరెస్ట్ మనసులో ఇది వ్యవసాయం. వడగళ్ళు తప్పవని తెలిసిన రైతు చేను పచ్చిగానే కోసుకుంటాడు. అతన్ని ఎవరూ ద్రోహి అనరు.

ఆయన మీటను కిందికి దించాడు. దించి, వెనక్కి చూడకుండా వచ్చేశాడు. హత్య చేసినవాడు ఆగి నాడి పట్టి చూడడు.

దారిలో వంటగది కిటికీ దగ్గర కొల్బాసా మాంసం ముక్క పెట్టిన రొట్టె ఒకటి కొన్నాడు. తన బల్ల మీదికి ఎక్కి, కుడికాలు ముందు కమ్మీకి తన్నిపెట్టి, ఎడమ చేతికి తొడుగు వేసుకుని, కుడి చేత్తో రొట్టెను ఒక్కసారి కొరికాడు. ఆ కొరకడంలో, నాలుక మీద ఆవపిండి ఘాటు ఇంకా తెలియకముందే, బడిపంతులు గోల్ కొట్టాడు.

"అలాగే ఉండు," అన్నాడు పక్కనున్న లూసియెన్ దేజార్లే. బడి బస్సు నడిపే మనిషి. ఇద్దరూ కలిసి బాల్యంలో ఈ బల్ల మీద పేర్లు చెక్కుకున్నారు, ఇప్పుడు ఆ పేర్ల మీదే కూర్చుంటారు.

"ఉన్నాను."

"ఆ కాలు దించకు."

"దించలేదు."

"రొట్టె తినకు."

"నమిలింది మింగొచ్చా?"

లూసియెన్ కాసేపు ఆలోచించాడు. "మింగు. ఇంకోటి కొరక్కు."

రెండో అంకంలో రెండో గోల్ పడింది. మూడో అంకం చివర, జనం పైకోట్లు తొడుక్కుని తలుపుల వైపు చూస్తున్న వేళ, పశువుల డాక్టరు ఎవరి కాళ్ళ సందులో నుంచో మూడోది తోసేశాడు. మూడుకు మూడు. అండర్స్ ఆ రెండు అంకాలలో ఆట ఆడే రబ్బరు బిళ్ళను ఒక్కసారి కూడా వెనక్కి పోనివ్వలేదు. కుళాయి కట్టేసినట్టు కట్టేశాడు.

ఊరంతా నిలబడి అరుస్తోంది. కుడికాలు కమ్మీకి తన్నిపెట్టుకుని కూర్చున్న ఒక్క మనిషి మాత్రం గోల్ వైపు చూడడంలేదు. మంచు వైపు చూస్తున్నాడు.

మంచు మెరుస్తోంది. పడమటి కిటికీల నుంచి పడుతున్న ఎండలో, మంచు అడుగున గీసిన నీలిగీత పక్కన, అరచేయంత నీటి మడుగు. దాని పక్కన ఇంకొకటి. స్కేట్లు కోసుకుపోతున్న చోటల్లా తుంపర లేస్తోంది. మొదటి అంకంలో బాణాల్లా దూసుకుపోయిన రాయల్స్ ఇప్పుడు బురద దారిలో బస్సు తోస్తున్నట్టున్నారు. బ్యాడ్జర్లు ఎప్పుడూ అంతే వేగం కాబట్టి వాళ్ళకు తేడా తెలియలేదు.

ఒరెస్ట్‌కు తెలిసింది. తాను చంపిన మంచు తన కళ్ళముందే ప్రాణం వదులుతోంది. ఆ చావులోంచి తన జట్టు బతుకుతోంది. ఈ సంగతి ఎవరికైనా తెలిస్తే ఈ మూడు గోల్‌లూ గోల్‌లు కావు. ఇంకా ఆలస్యం కాలేదు. ఒక్క పరుగున పోయి మీట పైకి ఎత్తితే చాలు.

"లూసియెన్, ఒకసారి కిందికి వెళ్ళి రావాలిరా."

"ఎందుకు?"

"పనుంది."

"ఏం పని?"

"అధ్యక్షుడి పని."

"అధ్యక్షుడు ఇంట్లో పడుకున్నాడనుకో. ఇక్కడున్నది ఒరెస్ట్."

"ఒంటేలుకిరా."

లూసియెన్ తన థర్మాస్‌లోని కాఫీ చివరి చుక్కదాకా తాగి, మూత తీసిన థర్మాస్‌ను గంభీరంగా ఆయన ఒడిలో పెట్టాడు. ఒరెస్ట్ లేవబోయాడు. వెనక వరస నుంచి, పక్క వరస నుంచి చేతులు వచ్చి ఆయన భుజాల మీద పడ్డాయి. అవి శత్రువుల చేతులు కావు. ఒకటి ఆయనకు జ్ఞానస్నానంలో చమురు రాసిన పాదిరి తమ్ముడిది. ఒకటి ఆయన పన్ను పీకిన డాక్టరమ్మది.

"కూర్చో నాయనా," అంది డాక్టరమ్మ. "మత్తు ఇచ్చి కూర్చోబెట్టమంటావా?"

మూడుకు మూడుతోనే మూడో అంకం ముగిసి విరామం వచ్చింది. అదనపు సమయంలో ముందు గోల్ కొట్టినవారిదే గెలుపు. రింకు బాగోగులు చూసే మెర్విన్ టల్క్ మంచు నున్నచేసే బండి మీద ఎక్కి, చివికిన చక్రవర్తిలా చుట్టూ తిరుగుతున్నాడు. అతను పరిచిన నీరు గడ్డకట్టకుండా నీరుగానే ఉండిపోయిందని ఒరెస్ట్‌కు తోచింది.

అప్పుడు దారియా మెట్లెక్కి వచ్చింది. ధాన్యం గోదాంలో తూకాలు చూసే పిల్ల. తడిసిన గోధుమను పొడిదని తెచ్చినవాడిని చూపుతోనే వెనక్కి పంపిస్తుందని పేరు.

"నాన్నా, గెలిస్తే శనివారం సంగతేంటి?"

"ముందు గెలవనీ అమ్మా."

"ఫైనల్ మొదటి ఆట శనివారం నాలుగింటికంట. ఇక్కడే. మెర్విన్ చెప్పాడు."

"చూద్దాం."

"ఎక్కడ చూద్దాం? రెండు వందల మందికి భోజనం. గోల్ వెనకాల వడ్డిద్దామా?"

"పెళ్ళి వాయిదా వేసుకో తల్లీ," అన్నాడు లూసియెన్. "పెళ్ళికొడుకు ఎక్కడికీ పారిపోడు. వాడి చుట్టూ వల కట్టి ఉంది."

చుట్టుపక్కల వరసలు నవ్వాయి. దారియా నవ్వలేదు.

"అసలీ తారీఖు ఎవరు పెట్టారో మీ స్నేహితుణ్ణి అడుగు, లూసియెన్ బాబాయ్."

"ఎవరు పెడితే ఏముందమ్మా."

"ఉంది. నాన్నా, నేను నిన్ను అడిగానా లేదా? పోయిన అక్టోబరులో, మన వంటింట్లో. అప్పుడు ప్లేఆఫ్‌లు ఉంటాయేమో, జూన్‌కి పెట్టుకుందాం అన్నానా లేదా?"

"జూన్‌లో దోమలు అన్నాను," అన్నాడు ఒరెస్ట్ రొట్టె వైపు చూస్తూ.

"అది తరవాత అన్నావు. ముందేమన్నావు?"

ఆ వరసలో పొద్దుతిరుగుడు విత్తనాలు కొరుకుతున్న చప్పుడు ఆగిపోయింది.

"చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను."

"పెద్దగా మాట్లాడకమ్మా. నలుగురూ వింటున్నారు."

"'వీళ్ళ గడ్డాలు ఏ ఏడూ దువ్వెన పట్టేంత పెరగలేదు, ఈ ఏడు పెరుగుతాయా? ఏప్రిల్ మొదటి శనివారానికి నేల నీదే, రాసిపెట్టుకో' అన్నావు."

ఇక్కడ పాఠకులు ఒక విషయం గుర్తు చేసుకోవాలి. ప్లేఆఫ్‌లు మొదలైన నాటి నుంచి ఓడేదాకా మా ఊళ్ళో ఆటగాడు గానీ అభిమాని గానీ గడ్డం గీయడు. ఏటా అది రెండు వారాల గరుకుగా పుట్టి, మొదటి పోరులోనే అసువులు బాసేది. ఈ ఏడు మొట్టమొదటిసారి కాలినా మగవాళ్ళు మునుల్లా తిరుగుతున్నారు. అందరిలోకీ పెద్ద గడ్డం ఒరెస్ట్‌ది. ఆయన ధాన్యం లారీ తలుపు మీద ఎర్ర రంగుతో 'ఈ ఏడు మనదే' అని ఉంటుంది. ఏటా శరత్తులో ఆ అక్షరాలకు కొత్త రంగు పూయిస్తాడు. ఊరికి వేదం ఒకటే, అది ఆ లారీ తలుపు.

లూసియెన్ మెల్లగా తల తిప్పాడు. ఆట నడుస్తుండగా అతను తల తిప్పడం అరుదు. విరామంలోనూ అరుదే.

"నువ్వన్నావా ఆ మాట?"

"అన్నాను."

"మరి లారీ మీద?"

"అదీ నేనే రాశాను."

"ఏది నిజం?"

"రెండూ నిజమేరా. నమ్మడం వేరు, తారీఖు ఇవ్వడం వేరు. నమ్మింది జారిపోతే మళ్ళీ శరత్తుకి నమ్ముకోవచ్చు. పిల్ల పెళ్ళికి నేల లేకపోతే ఎక్కడ తెస్తాను?"

లూసియెన్ చాలా నెమ్మదిగా అన్నాడు. "మా నాన్నని పూడ్చి వచ్చిన రోజు ఈ బల్ల మీదే నా పక్కన కూర్చున్నావు. ఏం మాట్లాడాలో నీకు తోచలేదు. 'ఈ ఏడు మనదే' అన్నావు. ఆ శీతాకాలం అంతా నేను దాని మీదే బతికాను."



"అండర్స్‌కి ఈ మాట నేనింతవరకూ చెప్పలేదు," అంది దారియా. "నువ్వంటే దేవుడనుకుంటాడు వాడు. ఆట ముందు నీ లారీని ఒకసారి ముట్టుకుని లోపలికి పోతాడు, తెలుసా నీకు?"

తెలియదు. ఒరెస్ట్ అప్పుడు తలెత్తాడు. ఆయన కళ్ళు కూతురి మీద నిలవలేదు. ఆమె భుజం మీదుగా, కింద మెరుస్తున్న నీటి మీదికి పోయాయి. తూకం పిల్ల ఆ చూపు పట్టుకుంది.

"ఇంకేదో ఉంది. నాన్నా, ఇంకేం చేశావు?"

ఆయన నోరు తెరిచాడు. ఆ నోటి నుంచి ఏ మాట రాబోయిందో చెప్పలేం. విరామం అయిపోయిందని బూర మోగింది, జట్లు మళ్ళీ మంచు మీదికి వచ్చాయి. దారియా మెట్ల మీద ఎక్కడ నిలబడి ఉందో అక్కడే కూర్చుండిపోయింది.

"కదలకు," అన్నాడు లూసియెన్ ముందుకే చూస్తూ. "నీతో మాట్లాడను. జన్మలో మాట్లాడను. కానీ కదలకు."

సప్తమ సమరంలోని అదనపు సమయాన్ని వర్ణించడానికి కవులు కావాలి. మాకు ఉన్నది ఊపిరి బిగబట్టిన ఆరు వందల మంది మాత్రమే. రాయల్స్ నాయకుడు ఒంటరిగా దొరికాడు. ముందు అండర్స్ తప్ప ఎవరూ లేరు. వాడు బిళ్ళను ఎడమకు తిప్పాడు, కుడికి తిప్పాడు, కొట్టబోయాడు. బిళ్ళ మడుగులో చిక్కి ఆగిపోయింది. వాడు మాత్రం ఆగలేదు. ఖాళీ గాలిని కొట్టి, పల్టీ కొట్టి, గోల్ పక్కన చెక్కగోడకు పోయి తగిలాడు. అండర్స్ ముందుకు వచ్చి, మడుగులో ఉన్న బిళ్ళను రోడ్డు మీద దొరికిన పర్సులా తీసుకున్నాడు.

ఒరెస్ట్ కళ్ళు మూసుకున్నాడు. అది అండర్స్ కాచిన గోల్ కాదు. తాను కాచినది. గెలిస్తే దొంగ గెలుపు, ఓడితే నిజమైన ఓటమి. జీవితంలో మొట్టమొదటిసారి ఆయనకు ఏం కోరుకోవాలో తెలియలేదు. అయినా పెదవులు వాటి పాటికవి కదులుతున్నాయి. ఏళ్ళ తరబడి అలవాటైన ప్రార్థన, మనిషి అనుమతి అడగదు.

ఆయన కళ్ళు తెరిచేసరికి బడిపంతులు దూరం నుంచి, పిల్లల పలకల మీద సుద్ద గీసినంత బలంతో, బిళ్ళను తోశాడు. అది తడబడుతూ, తుంపర లేపుతూ వచ్చింది. రాయల్స్ గోల్‌కీపరు దానికోసం తొందరపడి ముందే వంగాడు. బిళ్ళ అతని దగ్గరికి రాకముందే నీటిలో నెమ్మదించింది. అతను లేచాడు. అది మళ్ళీ కదిలింది, పశువుల డాక్టరు కర్ర కొన తగిలి. గోల్ గీత దాటి అరచేయి దూరంలో ఆగింది.

అరచేయి దూరం చాలు.

పైకప్పు ఎగిరిపోలేదు గానీ దాని మీదున్న పావురాలన్నీ ఎగిరిపోయాయి. పాదిరి తమ్ముడు డాక్టరమ్మను ముద్దు పెట్టుకున్నాడు. ఇద్దరికీ వేరే సంసారాలున్నాయి, ఎవరూ ఏమీ అనుకోలేదు. జన్మలో మాట్లాడనన్న లూసియెన్ ఒరెస్ట్ తలను రెండు చేతులా పట్టుకుని "గెలిచాంరా, గెలిచాంరా ముసలోడా" అని ఏడుస్తున్నాడు. ఒరెస్ట్ లేవలేదు. ధర్మం ఆయనను విడుదల చేసింది, అయినా కాలు కమ్మీ మీదే ఉంది. చెంపల మీదుగా నీళ్ళు దిగి ఆ మహా గడ్డంలో మాయమవుతున్నాయి. అవి ఆనందమో భయమో ఆయన విడదీయలేకపోయాడు. చేతిలోని రొట్టెను చూశాడు. తినేశాడు. ఏమీ తోచనప్పుడు మావాళ్ళు తింటారు.

కింద రెండు జట్లూ వరుసలు కట్టి చేతులు కలుపుకుంటున్నాయి. రాయల్స్ శిక్షకుడు మాత్రం ఆ వరసలో లేడు. నీలిగీత దగ్గర నిలబడి, లీగు తరఫున వచ్చిన ఇర్మా క్లాసెన్‌కు నేల చూపిస్తున్నాడు. ఆమె వంగి, తొడుగు తీసి, మడుగులో వేలు ముంచింది.

"యంత్రం ఆపేశారు," అన్నాడు శిక్షకుడు, పై వరసలకు కూడా వినబడేలా. "మా వాళ్ళ కాళ్ళు కట్టేయడానికి ఎవరో కావాలని ఆపేశారు. వెళ్ళి చూద్దాం రండి."

"చూద్దాం," అంది ఇర్మా. "ఆపి ఉంటే ఈ ఆట చెల్లదు."

అప్పుడు లేచాడు ఒరెస్ట్. మెట్ల మీద దారియాను దాటి దిగాడు. ఆమె లేచి వెంట నడిచింది. లూసియెన్ కూడా, కారణం తెలియకపోయినా, అలవాటు కొద్దీ నడిచాడు. యంత్రాల గది ముందున్న ఇరుకు నడవాలోకి ఇర్మా, శిక్షకుడు, తాళంచెవుల గుత్తితో మెర్విన్ వచ్చేసరికి తలుపుకు అడ్డంగా ఆ గడ్డం నిలబడి ఉంది. వెనకాల కాళ్ళకు దిండులాంటి రక్షలతో, ముసుగు నుదుటి మీదికి తోసుకుని, నవ్వుతూ అండర్స్ వస్తున్నాడు.

"తలుపు తియ్యక్కర్లేదు," అన్నాడు ఒరెస్ట్. "ఆపింది నేనే."

అవతల హాలులో జనం పాట పాడుతున్నారు. అండర్స్ నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు, ఎక్కడికి పోవాలో తెలియనట్టు ముఖం మీదే ఉంది.

"ఎప్పుడు, మామయ్యా?"

"మొదటి అంకం అయ్యాక."

"నేను మూడు వదిలేశాక."

"ఆఁ."

"ఎందుకు?"

"నేల ఆరాలి కదా అని. శనివారానికి." ఒరెస్ట్ గొంతు సవరించుకున్నాడు. తప్పు ఒప్పుకోవడంలో కూడా ఆయనకు ఒక నిండుదనం ఉంది. "పిల్లల తప్పు లేదు. జట్టు తప్పు లేదు. మెర్విన్‌కు తెలియదు. ఈ చెయ్యి చేసింది. ఏ శిక్ష వేసినా ఈ చేతికి వేయండి."

"తారీఖు కూడా మీరే ఇచ్చారు కదా," అన్నాడు అండర్స్. దారియా చప్పున తల తిప్పింది. "నాకు తెలుసు దారియా. నీ మొహం చూస్తే తెలియదా? అది ఫర్వాలేదు. ఓడిపోతామని ఊళ్ళో ఎవరనుకోరు? కానీ మామయ్యా, ఇది వేరు. నేను ఓడిపోతానని మీరు అనుకోలేదు. ఓడిపోయాననే అనుకున్నారు. నేనింకా గోల్ ముందే నిలబడి ఉన్నాను."

ఒరెస్ట్ దగ్గర లారీ తలుపుకు సరిపడే మాటలు బోలెడున్నాయి. దీనికి సరిపడేది ఒక్కటీ లేదు.

"శనివారం నాలుగింటికి చర్చిలో పెళ్ళి," అన్నాడు అండర్స్. "ఈ గెలుపు నిలిస్తే అదే నాలుగింటికి ఇక్కడ ఆట. నేను పాదిరి ముందు నిలబడాలో గోల్ ముందు నిలబడాలో మీరే చెప్పండి. తారీఖు మళ్ళీ మీరే ఇవ్వండి. కానీ ఈసారి నేను గెలుస్తాననుకుని ఇవ్వండి."

దారియా అతని పక్కకు జరిగి, పెద్ద తొడుగులోకి తన చెయ్యి దూర్చింది. ఆమె కూడా తండ్రి వైపే చూస్తోంది. లూసియెన్ టోపీ తీసి చేత్తో నలుపుతున్నాడు. ఒరెస్ట్ గడ్డం కదిలింది. జవాబు దాదాపు నాలుక మీదికి వచ్చింది.

"అదంతా తరవాత," అంది ఇర్మా క్లాసెన్. "చెప్పిన మాట మీద నేను ఆటను రద్దు చేయలేను, కళ్ళతో చూడాలి. తలుపు తియ్యండి."

మెర్విన్ తాళం తీశాడు. తలుపు తెరుచుకుంది.

లోపల కొత్త మంచుయంత్రం, కడుపు నిండిన ఎద్దులా, హాయిగా గురక పెడుతోంది. గొట్టాల మీద తెల్లటి నూగు. ఇర్మా దాని ముందుకు వెళ్ళి చల్లదనం చూపే ముల్లు చూసింది, చెయ్యి ఆనించి చూసింది. శిక్షకుడు కూడా చూశాడు.

"ఏది ఆగింది?" అన్నాడు మెర్విన్. "పొద్దున నుంచీ ఇది ఒక్క క్షణం ఆగలేదు."

"మరి ఆ నీళ్ళు?" అన్నాడు శిక్షకుడు.

"బయట ఎండ. లోపల ఊరంతా. గాలాడటం లేదని ఆ పెద్ద తలుపులు రెండూ తీసిపెట్టింది మీ బస్సు జనమే. ఈ కాలంలో నీళ్ళు కాక పాలు కారతాయా? ఏటా ఇంతే. మీరు ఏటా ఇంతసేపు ఇక్కడ ఉండక్కర్లేకపోయింది, అంతే తేడా."

"ఆట చెల్లుతుంది," అంది ఇర్మా.

ఆ మాటతో బ్యాడ్జర్లు ఫైనల్‌కు చేరారు. అండర్స్ కాచినవన్నీ అండర్స్‌వే అయ్యాయి. ఒరెస్ట్ హ్నాట్యుక్ తాను చేయని నేరాన్ని, తనకు అత్యంత కావలసిన ముగ్గురి ముందు, సంపూర్ణంగా ఒప్పుకున్నవాడయ్యాడు. ఆయన నోరు ఇంకా తెరిచే ఉంది.

"మరి మీరు ఆపింది ఏమిటి?" అని అడిగింది ఇర్మా. అడగవలసిన పని లేదు. లీగు పని అయిపోయింది. ఆమెకు తెలుసుకోవాలనిపించింది.

అందరూ గోడ వైపు చూశారు. ఎర్ర మీట కిందికి దిగి ఉంది.

"అది పాత యంత్రం మీట," అన్నాడు అండర్స్ నెమ్మదిగా. "పారేయకూడదని కమిటీ తీర్మానం చేసింది. క్రిస్మస్ ముందు నేనూ మెర్విన్ కలిసి దాన్ని వేరేదానికి తగిలించాం."

"దేనికి?" అన్నాడు ఒరెస్ట్.

"అతిథి జట్టు స్నానాలగదిలో నీళ్ళు కాచే పీపాకి."

గోడకు అవతల, అయిదేళ్ళ విజేతలు స్నానానికి దిగుతున్న చప్పుడు వినిపించింది.